డెల్టా పొలాల యోగ్యతా పటాన్ని రైతుల తీర్పుతో గీయడం ఎలా?

ఏ చేను వరికి ఎంత అనువో రంగుల్లో చూపేదే యోగ్యతా పటం. దానికి కావలసినవి తక్కువే: ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్, సర్వే నంబర్లున్న గ్రామ పటం, పంట కాలువల, మురుగు కాలువల పొరలు (సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిపై ఒకటి పరిచే విడి పటాలు), వేసవిలో తీసిన మట్టి పరీక్షల ఫలితాలు. పొరలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చునేలా, అన్నిటినీ యూటీఎం 44 ఉత్తర మండలం అనే నిరూపక వ్యవస్థలోకి మార్చుకోండి. మట్టిని వేసవిలోనే తీయాలి. నీరు ఆవిరయ్యేకొద్దీ ఉప్పు పైకి తేలి, గోదావరి డెల్టాలో అల్లవరం, కాట్రేనికోన వంటి తీర మండలాల నేల అసలు స్థితి అప్పుడే బయటపడుతుంది.

ప్రమాణాలు ఐదుకు మించకూడదు: ఉప్పు, మురుగు పోయే వీలు, కాలువ నీటి అందుబాటు, నేల స్వభావం, మెరక పల్లాలు. వాలును చేర్చకండి, ఇంత చదునైన నేలలో అది ఏమీ చెప్పదు. ఉపగ్రహ ఎత్తుల పటాన్నీ నమ్మకండి. దాని పొరపాటే కొన్ని మీటర్లుంటుంది, మన మెరకకూ పల్లానికీ తేడా చాలాచోట్ల మూరెడే. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఏ చేను ఎన్ని రోజులు మునిగి ఉంటుందో రైతును అడిగి రాసుకోండి.

అసలు కష్టమంతా ప్రమాణాలకు భారాలు, అంటే దేనికెంత ప్రాముఖ్యమో, నిర్ణయించడంలో ఉంది. థామస్ సాటీ 1970లలో రూపొందించిన జంట పోలికల పద్ధతిలో, రెండేసి ప్రమాణాలను ఎదురెదురుగా పెట్టి, ఏది ఎన్ని రెట్లు ముఖ్యమో 1 నుంచి 9 లోపు అంకెతో చెప్పించాలి. దీన్ని సభలో చేతులెత్తించి చేయకూడదు. పెద్ద కమతం ఉన్నవారు మాట్లాడాక కౌలు రైతు తన అంకెను మార్చుకోవడం నేను చాలాసార్లు చూశాను. కాలువ మొదటి భూముల వారు, కాలువ చివరనున్న శివారు వారు, కౌలుదారులు, వ్యవసాయం చేసే స్త్రీలు ఎవరి కాగితం వారు విడిగా నింపాలి.

ఆ అంకెలను కలిపేటప్పుడు మామూలు సగటు తీయకండి. శివారు రైతుకు మురుగు పోయే వీలు కంటే కాలువ నీరు 4 రెట్లు ముఖ్యమనుకుందాం. పల్లపు రైతుకు మురుగే 4 రెట్లు ముఖ్యం, అంటే ఆయన లెక్కలో కాలువ నీటి విలువ 0.25. ఈ రెండింటి సగటు 2.125, కనుక కాలువ నీరే గొప్ప. అదే లెక్కను మురుగు వైపు నుంచి చేసినా 2.125 వస్తుంది, అప్పుడు మురుగే గొప్ప. రెండూ ఒకదానికంటే ఒకటి రెట్టింపు ముఖ్యమని తేల్చే లెక్కతో పటం గీయడం రైతుకు చేసే అన్యాయం. రెండు అంకెలనూ గుణించి వర్గమూలం తీస్తే 1 వస్తుంది, ఇద్దరి మాటకూ సమాన విలువ దక్కుతుంది. పది మందైతే పదో మూలం తీయాలి. ఈ గుణమధ్యమం తప్ప మరో మార్గం నేను ఒప్పుకోను.

కలపడానికి ముందే ప్రతి కాగితంలో పొంతన చూడండి. ఉప్పు మురుగుకు 3 రెట్లు, మురుగు కాలువ నీటికి 2 రెట్లు అన్నవారు, ఉప్పూ కాలువ నీరూ సమానమంటే ఆ మాటలు కలవవు. ఇలాంటి తేడా ఎంతుందో చెప్పే పొంతన నిష్పత్తి 0.10 దాటితే ఆ రైతు దగ్గరికే మళ్లీ వెళ్లాలి, అంకెను మనం దిద్దకూడదు.

భారాలతో పొరలను కలపడం సాఫ్ట్‌వేర్ పని. అయితే నేలలో ఉప్పు, అంటే లవణీయత, మీటరుకు సుమారు 3 డెసీసైమన్లు దాటగానే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది; దానికి రెట్టింపు, అంటే 6 దాటిన చేలను ముందే పక్కన పెట్టండి. లేకపోతే కాలువ పక్కనున్న చౌడు నేల కూడా మంచి మార్కులు తెచ్చుకుంటుంది.

పటం అచ్చువేసి ఊళ్లోకి తీసుకువెళ్లి, రైతులు కాదన్న ప్రతి చేనుకూ నడవండి. ఒక శివారు ఊళ్లో నేను ‘బాగా యోగ్యం’ అని రంగు వేసిన చేనును చూపించడానికి ఒక పెద్దాయన నన్ను గట్టు మీదకు తీసుకువెళ్లారు. పటంలో నీలం గీతగా ఉన్న మురుగు కాలువ, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్కతో నిండి, చుక్క నీరు కదలకుండా ఉంది. అప్పటినుంచి మురుగు కాలువల పొరలో, నీరు పారుతోందా లేదా అన్న గడిని నేను కళ్లతో చూశాకే నింపుతున్నాను.