చెన్నై ఆసుపత్రిలో బాగా చూసుకున్న సిస్టర్‌కు కృతజ్ఞత తెలపడం ఎలా

వైద్యం కోసం నెల్లూరు నుంచో తిరుపతి నుంచో చెన్నైకి వచ్చిన మనవాళ్లు, ఇంటికి వెళ్లే రోజున ఒక మిఠాయి పెట్టె కొని, నర్సుల స్టేషన్‌లో ఆ వేళకు ఎవరుంటే వారి చేతిలో పెట్టి సెలవు తీసుకుంటారు. డిశ్చార్జి ఎక్కువగా పగటిపూటే జరుగుతుంది గనుక, రాత్రంతా మీ నాన్నగారిని కనిపెట్టుకొని ఉన్న సిస్టర్‌కు ఆ మిఠాయి అందదు, ఆమె పని ఎవరి దృష్టికీ రాదు. లోపం జరిగితే ఫిర్యాదు రాసేవారు ఉంటారు. బాగా చేసినప్పుడు రాసేవారే అరుదు. అందువల్ల మిఠాయి ఇచ్చినా ఇవ్వకపోయినా, ఒక ఉత్తరం మాత్రం తప్పక రాయాలని నా అభిప్రాయం.

ఈ పని ఆసుపత్రిలో చేరిన రోజునే మొదలుపెట్టాలి. అందరినీ ‘సిస్టర్’ అని, మగవారైతే ‘బ్రదర్’ అని పిలవడం అలవాటైపోయి, పది రోజులు ఉండి కూడా పేరు తెలుసుకోకుండా వచ్చేస్తాం. బ్యాడ్జి మీది పేరు, వార్డు, తేదీ, షిఫ్టు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఒకే పేరుగల వారు ఇద్దరు ముగ్గురు ఉండవచ్చు కాబట్టి ఉద్యోగి సంఖ్య కనిపిస్తే అదీ రాసుకోండి.

ఉత్తరానికి ప్రాణం వివరమే. ‘ఎంతో ప్రేమగా చూసుకున్నారు’ అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది గనుక ఎవరి గురించీ ఏమీ చెప్పదు. నర్సు పని చిరునవ్వు మాత్రమే కాదు, అది నేర్పుతో కూడిన వృత్తి. మంచం దిగలేని రోగికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి వాచిందేమోనని చూడడం, మందు ఇచ్చే ముందు రోగి పేరు, మందు, మోతాదు, వేళ, ఇచ్చే విధానం సరిచూసుకోవడం, ఊపిరి తీరు మారగానే డాక్టరుకు కబురు చేయడం వంటి పనుల్లో మీరు కళ్లారా చూసినదాన్ని రాయండి. తెలుగు తప్ప మరో భాష రాని మీ అమ్మగారి కోసం ‘నొప్పి ఎక్కడ?’ అన్న మాట నేర్చుకొని అడిగిన కేరళ సిస్టర్ ఉంటే, అదీ రాయదగినదే. ఉదాహరణకు: ‘మంగళవారం రాత్రి రెండు గంటలకు మా నాన్నగారికి ఆయాసం పెరగడాన్ని ఈ సిస్టరే మొదట గమనించి, వెంటనే డ్యూటీ డాక్టరును పిలిపించారు.’ ఇలాంటివి రెండు మూడు వాక్యాలు చాలు.

ఉత్తరాన్ని నర్సింగ్ సూపరింటెండెంట్ పేరిట రాసి, ప్రభుత్వ ఆసుపత్రి అయితే దాని పెద్ద అయిన డీన్‌కు కూడా ఒక ప్రతి ఇవ్వండి. చెన్నైలో తెలుగు చదవగలవారు అక్కడ ఉంటారన్న నమ్మకం లేదు కాబట్టి ఇంగ్లీషులోనో తమిళంలోనో రాయించి, కింద తెలుగులో సంతకం చేయండి. ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే నక్షత్రాల గుర్తులకు టిక్కులు పెట్టి వదలక, ఖాళీ గడిలో ఆమె పేరు రాయండి.

అమెరికాలో 1999లో పాట్రిక్ బార్న్స్ అనే యువకుడు మరణించినప్పుడు, అతని కుటుంబం నర్సుల సేవను మరువలేక డైసీ పురస్కారాన్ని నెలకొల్పింది. రోగులు, వారి బంధువులు కూడా అందుకు నర్సుల పేర్లు సూచించవచ్చు. మన దేశంలో 1973 నుంచి, ఆధునిక నర్సు వృత్తికి ఆద్యురాలైన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట జాతీయ పురస్కారం ఉంది. మీ ఆసుపత్రిలో నర్సులకు ఏదైనా గుర్తింపు ఇస్తారేమో అడిగి చూడండి. నైటింగేల్ పుట్టినరోజైన మే 12ను నర్సుల దినోత్సవంగా జరుపుతారు గనుక, అంతకు కొన్ని వారాల ముందే అడగడం మేలు.

డబ్బు మాత్రం ఇవ్వకండి. తీసుకుంటే ఆమె ఉద్యోగానికే ముప్పు రావచ్చు, కాదనడం ఆమెకు ఇబ్బంది. మిఠాయి, పండ్లు ఇవ్వాలనుకుంటే మూడు షిఫ్టులకూ సరిపడా వార్డుకు ఇవ్వండి. అడగకుండా ఆమె ఫొటో తీసి వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టడం కూడా తగదు.

చివరగా ఉత్తరం జిరాక్స్ ఒకటి ఆమె చేతికే అందించండి. ఆమెది రాత్రి డ్యూటీ అయితే, డిశ్చార్జికి ముందు రాత్రే ఆ పని ముగించుకోవాలి; మర్నాడు బిల్లులు, ఇన్సూరెన్సు కాగితాల హడావిడి మొదలయ్యేసరికి ఆమె ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.