మెస్సీయ పరిపాలన ప్రవచనాలు: ఇంటి కూడికలో నాలుగు వారాల్లో చదివించే పద్ధతి

మెస్సీయ, అంటే దేవుడు అభిషేకించి పంపుతానన్న రాజు, ఆయన రాజ్యం అనగానే కూడికలో సగం మంది ప్రకటన గ్రంథం 20వ అధ్యాయం తెరుస్తారు. అక్కడ మొదలుపెట్టకండి. ఆ పాలనకు వెయ్యేండ్లు అని లెక్క చెప్పేది బైబిల్ మొత్తంలో ఆ ఒక్క అధ్యాయమే. ఆ మాట 2 నుంచి 7వ వచనం లోపల ఆరుసార్లు వస్తుంది. ఆయన ఎలాంటి రాజు, ఎవరికి న్యాయం తీరుస్తాడు అన్నవి చాలా గ్రంథాల్లో పరుచుకొని ఉన్నాయి. ముందు అవి చదివితే ఆఖరి వారం గొడవ తగ్గుతుంది.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు నాలుగు ఆదివారాలు ఈ పాఠానికి సరిగ్గా సరిపోతాయి. కాకపోతే పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో అవి పత్తి ఏరే రోజులు. పొద్దంతా చేన్లో వంగి ఏరినోళ్లు రాత్రి ఏడున్నరకు వస్తే గంటకు మించి కూర్చోలేరు. పాట, ప్రార్థన పది నిమిషాలు, వాక్యం రెండుసార్లు బిగ్గరగా చదవడం పదిహేను, మాట్లాడుకోవడం ముప్పై, మిగిలింది ముగింపు ప్రార్థన. సమయం చాలకపోతే వచనాలు తగ్గించండి, మాట్లాడుకునే ముప్పై నిమిషాలు మాత్రం ముట్టుకోవద్దు. మనిషికో బైబిల్, నోటుబుక్కు, రెండు రంగుల పెన్సిళ్లు చాలు. నెరవేరినదానికి నీలం, ఇంకా ఎదురుచూసేదానికి ఎరుపు. ఏ రంగో తేలకపోతే గీత గీయకుండా వదిలేయమనండి.

మొదటి వారం 2 సమూయేలు 7:12-16, 72వ కీర్తన, లూకా 1:32-33. దావీదు సింహాసనం నిత్యం నిలుస్తుందన్న వాగ్దానం 2 సమూయేలులోనే పుట్టింది. అక్కడి 14వ వచనంలో ఆ కుమారుడు తప్పు చేస్తే దండిస్తానని దేవుడు అంటాడు. అది యేసుకు వర్తించదు, సొలొమోనుకూ తర్వాతి రాజులకూ వర్తిస్తుంది. అదే వాగ్దానంలోని నిత్య సింహాసనాన్ని లూకాలో గబ్రియేలు దూత మరియతో యేసు పేరు మీద చెబుతాడు. ఒకే మాట ఒక తరంలో కొంత, మరో తరంలో పూర్తిగా నెరవేరడం ఈ వారమే అర్థమైతే మిగతా మూడు వారాలు సాఫీగా సాగుతాయి. క్రీ.పూ. 586లో బబులోను యెరూషలేమును పడగొట్టాక ఆ సింహాసనం ఖాళీ అయిందని గుర్తుచేయండి. ఎదురుచూపు అంత గాఢంగా ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది.

రెండో వారం యెషయా 9:1-7, 11:1-10. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు 11వ అధ్యాయాన్ని విడిగా చదవడం. 10:33-34తో కలిపి చదవండి: గర్వించిన అడవి నరకబడుతుంది, ఆ వెంటనే దావీదు తండ్రి యెష్షయి మొద్దు నుంచి చిగురు పుడుతుంది. చింతచెట్టు కొట్టేసిన చోట మళ్లీ చిగురు రావడం చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. తోడేలు, గొర్రెపిల్ల కలిసి ఉండడం అక్షరాలా జరుగుతుందా అని ఎవరైనా అడిగితే వాదంలోకి దిగకుండా 4వ వచనానికి తీసుకుపోండి. బీదలకు నీతితో తీర్పు తీర్చడం అక్కడ ముందే ఉంది, జంతువుల మాట తర్వాత వస్తుంది.

మూడో వారమే అసలు పాఠం. లూకా 4:16-21లో యేసు నజరేతు సమాజమందిరంలో యెషయా 61 చదివి, రెండో వచనం సగంలోనే గ్రంథం చుట్టేస్తాడు. హితవత్సరం, అంటే దేవుడు దయ చూపే కాలం దాకా చదివాడు, ఆ తర్వాతి ప్రతిదండన దినం, అంటే శిక్షించే రోజు మాట చదవలేదు. నీలం పెన్సిల్ సరిగ్గా అక్కడ ఆగాలి. ఎరుపు అక్కడి నుంచి మొదలవుతుంది. జెకర్యా 9:9, 10 వచనాల్లోనూ ఇదే చేయించండి: గాడిద మీద రాక మత్తయి 21లో నెరవేరింది, సముద్రం నుంచి సముద్రం దాకా ఏలుబడి ఇంకా కళ్లకు కనబడలేదు.

నాలుగో వారం దానియేలు 7:13-14, అపొస్తలుల కార్యములు 1:6-8, ఆపైనే ప్రకటన 20. కూడికలో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, పెంతెకొస్తు, బ్రదరెన్ అనే వేర్వేరు సంఘాల కుటుంబాలు కలిసి కూర్చుంటే ఇక్కడ మాట తేడా తప్పదు. క్రీస్తు వచ్చాకే వెయ్యేండ్ల పాలన అనేవాళ్లున్నారు. సువార్త లోకమంతా వ్యాపించి ఆ కాలం వచ్చాక ఆయన వస్తాడనేవాళ్లున్నారు. ఆ సంఖ్య సూచన మాత్రమే, పాలన ఇప్పుడే పరలోకం నుంచి సాగుతోందనేవాళ్లూ ఉన్నారు. ఒక్కో అభిప్రాయాన్ని దాన్ని నమ్మేవారి నోటితోనే ఐదు నిమిషాలు చెప్పించండి. మీ సంఘం ఏది బోధిస్తుందో దాచకుండా చెప్పండి, కానీ ఓటు పెట్టకండి.

యుద్ధం వార్తలు, వాట్సాప్‌లో తిరిగే సంవత్సరాల లెక్కలు ఈ వారమే లోపలికొస్తాయి. అపొస్తలుల కార్యములు 1:7 చదివించి, కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మన పని కాదని ప్రభువే అన్నాడని చూపించండి. ఆ తర్వాత 8వ వచనంలో సాక్షులుగా ఉండమని ఆయన అప్పగించిన పని మీదికి మాట మళ్లించండి. తేలని ప్రశ్నలు నోటుబుక్కు చివరి పేజీలో రాయించి పాస్టరుగారికి ఇవ్వండి.

ముగింపు ప్రార్థనకు 72వ కీర్తన 1-4, 12-14 వచనాలు వాడండి. మండలంలో, జిల్లాలో అధికారం చేసేవాళ్లను వాళ్ల హోదాతోనే తలచుకుంటూ, మొరపెట్టే బీదవారి మాట వాళ్లు వినాలని ఒక్కొక్కరు ఒక్కో వాక్యం ప్రార్థిస్తే సరిపోతుంది.