‘ఎనార్మస్’ అనే ఇంగ్లీషు మాటను సరిగ్గా వాడడం ఎలా?

ఇంగ్లీషులో ‘చాలా పెద్ద’ అనడానికి హ్యూజ్, వాస్ట్, మాసివ్, ఇమెన్స్, ఎనార్మస్ అంటూ బోలెడు మాటలున్నాయి. పరీక్షలకో ఇంటర్వ్యూలకో తయారయ్యేవాళ్లు వీటన్నిటినీ ఒక వరసలో రాసుకుని, అన్నిటి పక్కనా ‘భారీ’ అని ఒకే అర్థం పెట్టుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఎనార్మస్ ఒక్కదాన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావి వాటంతటవే విడిపోతాయి.

ముందు మామూలు కొలత ఎంతో చూసుకోండి

లాటిన్‌లో నార్మా అంటే వడ్రంగి వాడే మూలమట్టం. నార్మల్ అనే మాట పుట్టింది కూడా దాన్నుంచే. ఆ మట్టానికి లొంగకుండా బయటికి పోయింది ఎనార్మస్. మొదట్లో ‘పద్ధతి తప్పినది’ అనే అర్థమే ఉండేది, ‘చాలా పెద్దది’ అన్న అర్థం తర్వాత స్థిరపడింది. పాత అర్థం పోయినా దాని వాసన ఇంకా ఉంది. అందుకే ఒక వస్తువును ఎనార్మస్ అనే ముందు, ఆ రకం వస్తువు మామూలుగా ఎంత ఉంటుందో అనుకోవాలి.

మూడు కిలోలు తూగే పులసను చూసి ‘యాన్ ఎనార్మస్ ఫిష్’ అంటే ఎవరూ కాదనరు. అదే మూడు కిలోల పండుగప్పను అలా అంటే చేపల బజారులో నవ్వుతారు. బరువు ఒకటే, దాటాల్సిన కొలతలే వేరు.

వరదల సంగతీ అంతే. ధవళేశ్వరం దగ్గర గోదావరికి 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక డెల్టా వాళ్లకు కొత్తేమీ కాదు. దాన్ని ‘బిగ్ ఫ్లడ్’ అంటే చాలు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిందే, దానికి ‘యాన్ ఎనార్మస్ ఫ్లడ్’ అన్న మాట తగుతుంది. 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడూ తగుతుంది. ఏటా వచ్చే నీటికి కూడా ఇదే మాట ఖర్చు పెట్టేస్తే, 1986 లాంటిది మళ్లీ వచ్చిన రోజున వాడడానికి మాట మిగలదు.

పలకడం

మనం ఎనార్మస్ అంటాం గానీ ఇంగ్లీషు వాళ్ల నోట అది ‘ఇనార్మస్’కు దగ్గరగా ఉంటుంది. ఊనిక ‘నార్’ మీద పడాలి. మాట అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందు ‘ఏ’ రాదు, ‘యాన్’ వస్తుంది.

‘వెరీ’ని పక్కన పెట్టండి

ఇది చాలామంది చేసే తప్పు. ఎనార్మస్‌లోనే ‘చాలా’ ఉంది. దానికి ముందు మళ్లీ వెరీ తగిలిస్తే ‘చాలా బ్రహ్మాండమైన’ అన్నట్టుంటుంది. ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తే ‘యాబ్సొల్యూట్లీ ఎనార్మస్’ అనండి. ‘మోర్ ఎనార్మస్’ కూడా దాదాపుగా వినపడదు. రెండింటిని పోల్చాలంటే ‘బిగ్గర్’, ‘లార్జర్’ అనడమే తేలిక.

నామవాచకానికి ముందు పెట్టినా, ‘ఈజ్’, ‘వాజ్’ తర్వాత పెట్టినా ఒకటే. అంతర్వేది రథం గురించి చెప్పేటప్పుడు ‘యాన్ ఎనార్మస్ చారియట్’ అనొచ్చు, ‘ద చారియట్ వాజ్ ఎనార్మస్’ అనీ అనొచ్చు. లెక్కపెట్టగలిగిన వాటికి ‘యాన్ ఎనార్మస్ నంబర్ ఆఫ్’ వాడతారు: కొబ్బరి చెట్లు, పడవలు, భక్తులు. లెక్కపెట్టలేని వాటికి ‘యాన్ ఎనార్మస్ అమౌంట్ ఆఫ్’: నీళ్లు, ఇసుక, డబ్బు. కంటికి కనపడని వాటికీ ఇది బాగా కుదురుతుంది. ఎనార్మస్ ప్రెషర్, ఎనార్మస్ డిఫరెన్స్ అని ఇంగ్లీషు వాళ్లు రోజూ అనే మాటలే.

‘భారీ’, ‘పెద్ద’ కనపడగానే తొందరపడకండి

తెలుగు పేపరు చదివి ఇంగ్లీషులో చెప్పబోయేటప్పుడు అసలు పరీక్ష ఇదే. మన విలేకరులు భారీని దేనికైనా తగిలిస్తారు, ఇంగ్లీషు మాత్రం ఒక్కోదానికి ఒక్కో జోడీ అడుగుతుంది. భారీ వర్షం ‘హెవీ రెయిన్’, ఎనార్మస్ రెయిన్ అనరు. భారీ వాహనాలు, భారీ పరిశ్రమలు కూడా హెవీయే. భారీ ధర అంటే ‘హై ప్రైస్’. పులస కొన్న మనిషి ఇచ్చుకున్న మొత్తాన్ని మాత్రం ‘యాన్ ఎనార్మస్ సమ్’ అనవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. 1996 నవంబరు తుపానుకు కోనసీమ కొబ్బరి తోటలకు జరిగింది ‘ఎనార్మస్ డ్యామేజ్’. ఇక్కడ భారీ నష్టానికి అది సరిగ్గా అతుకుతుంది.

‘పెద్ద’ ఇంకో రకం తంటా. పెద్దబ్బాయి ‘ఎల్డెస్ట్ సన్’ అవుతాడు గానీ బిగ్ సన్ కాడు. ఇంట్లో పెద్దాయన వయసులో పెద్ద, సైజులో కాదు. మనిషిని ఎనార్మస్ అన్నారంటే ఒళ్లు గురించి అన్నట్టే. పెళ్లిలో ఎవరి మామయ్యనో గొప్పగా పరిచయం చేద్దామని ‘హీ ఈజ్ యాన్ ఎనార్మస్ మ్యాన్’ అంటే, ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఆయన నడుము వైపు చూస్తారండీ.

దగ్గరి చుట్టాలతో తేడా

కంటి చూపు ఆనినంత దూరం పరుచుకున్నదానికి వాస్ట్ బాగుంటుంది: వరిచేలు, కోరంగి మడ అడవులు. బరువూ గట్టిదనమూ కనపడేదానికి మాసివ్. ధవళేశ్వరం బ్యారేజీకి అది తగిన మాట. ఇమెన్స్ కొలవలేనిదానికి సరిపోతుంది. 1852లో పూర్తయిన ఆనకట్టతో కాటన్ దొర ఈ డెల్టాకు చేసిన మేలును ‘ఇమెన్స్’ అనండి. ఎనార్మస్ అన్నా తప్పు లేదు, నా చెవికి మాత్రం మొదటిదే బాగుంది. హ్యూజ్ మాట్లాడేటప్పుడు ఎక్కువగా వస్తుంది, ఎనార్మస్ రాతలోనూ మాటలోనూ చెల్లుతుంది. ఎత్తు ఒక్కటే చెప్పాలంటే ఇవేవీ వద్దు. కోనసీమలో సంక్రాంతి వేళ జరిగే జగ్గన్నతోట తీర్థానికి భుజాల మీద మోసుకొచ్చే ప్రభ (వెదురుతో కట్టి అలంకరించిన పెద్ద చట్రం) ఎత్తు గురించి చెబుతుంటే ‘టాల్’, మొత్తం ఆకారాన్ని చూసి నోరు తెరిస్తే ‘ఎనార్మస్’.

ఇక ‘ఎనార్మిటీ’. ఇది ఎనార్మస్‌కు నామవాచకమే కదా అని సైజుకు వాడకండి. దానికి పాతకాలం నుంచీ ఉన్న అర్థం ఘోరం, దారుణమైన నేరం. ఇప్పుడు కొందరు పెద్దతనానికీ వాడుతున్నారు, నిఘంటువులూ దాన్ని చేర్చుకున్నాయి. అయినా పరీక్ష పేపరు దిద్దే మాస్టారు పాత కాలం మనిషైతే మార్కు పోతుంది. రథం గురించి రాసేటప్పుడు ‘ద సైజ్ ఆఫ్ ద చారియట్’ అని రాసుకుంటే ఏ గొడవా ఉండదు.