ఓడలో వైన్ గ్లాసు, హైదరాబాదుకొచ్చే బిల్లు

హైదరాబాదులో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న దుకాణానికి వెళితే విస్కీ, బ్రాందీ, బీరు వరుసలన్నీ దాటాక గాని అసలు వైన్ సీసా కనిపించదు. అందుకే మనలో చాలామందికి వైన్ జాబితాను చేతిలో పట్టుకుని తీరికగా ఎంచుకునే సందర్భం మొదటిసారి విదేశీ ఓడలోనే ఎదురవుతుంది. శంషాబాద్‌లో విమానమెక్కి సింగపూర్‌లో దిగి, అక్కడి నుంచి మూడు నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్లేవారికి టికెట్టులోనే గది, భోజనం, వినోద కార్యక్రమాలు కలిసి వస్తాయి గాని, చాలా ఓడల్లో మద్యం కలవదు. జాబితాలో అచ్చయిన ధర ఒకటి, నెల తిరిగాక కార్డు స్టేట్‌మెంట్‌లో కనిపించే సొమ్ము మరొకటి. ఆ తేడా ఎక్కడ పుడుతుందో ఇంట్లో ఉండగానే లెక్క వేసుకోవాలి.

బార్లలో, భోజనశాలల్లో సాధారణంగా నగదు తీసుకోరు. ఎక్కేటప్పుడు ఇచ్చే గది కార్డును చూపితే ప్రతి కొనుగోలూ మీ ఖాతాలో నమోదవుతుంది, ఆ ఖాతాకు మీరు ముందుగా ఒక బ్యాంకు కార్డును జత చేయాలి. ఇక్కడ డెబిట్ కార్డు ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను. కూకట్‌పల్లిలో ఉండే మా బావమరిది అలా ఇస్తే, ఓడవారు రోజువారీ ఖర్చుకు హామీగా పట్టి ఉంచిన సొమ్మూ, చివరి బిల్లూ రెండూ ఒకేసారి ఖాతాలో తగ్గిపోయాయి. పట్టి ఉంచినది తిరిగి వచ్చింది గాని, అందుకు ఇల్లు చేరాక కూడా కొన్ని రోజులు ఎదురుచూడవలసి వచ్చింది. క్రెడిట్ కార్డులో అదే పని జరిగినా, తగ్గేది పరిమితి మాత్రమే, చేతిలోని డబ్బు కాదు. బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలను ఆన్ చేసుకోవడం మరువకూడదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. గ్లాసు వైన్ ధర 12 అమెరికన్ డాలర్లని, డాలరు 90 రూపాయలని అనుకుందాం. చాలా ఓడలు పానీయాల మీద 18 నుంచి 20 శాతం వరకు సేవా రుసుమును తామే కలుపుతాయి కాబట్టి, 18 శాతం లెక్కన ఆ గ్లాసు 14.16 డాలర్లు, అంటే సుమారు 1,274 రూపాయలు అవుతుంది. మన కార్డుల్లో చాలావాటికి విదేశీ కరెన్సీ మార్పిడి రుసుము 3.5 శాతం వరకు ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 4.13 శాతమై, గ్లాసు ఖరీదు 1,327 రూపాయలకు చేరుతుంది. కొన్ని రేవుల్లో ఓడ ఒడ్డున నిలిచి ఉన్నంతసేపు స్థానిక పన్ను కూడా పడుతుంది. ‘మీ బిల్లును రూపాయల్లోనే వేయమంటారా’ అని అడిగితే వద్దనండి, ఎందుకంటే అది సౌకర్యంలా కనిపించినా, వారు వాడే మార్పిడి రేటు సాధారణంగా మన బ్యాంకు రేటు కంటే ఖరీదైనది. సేవా రుసుము ముందే కలిసి ఉన్న చీటీలో కూడా అదనపు టిప్ కోసం ఒక ఖాళీ గీత ఉంటుంది. దాన్ని పూరించాలన్న నిర్బంధం ఏమీ లేదు, మొహమాటపడకుండా గీత కొట్టి సంతకం చేయవచ్చు.

ఇద్దరు కలిసి తాగేటప్పుడు గ్లాసుల లెక్క కంటే సీసా లెక్కే మేలు. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు అయిదు వస్తాయి. 40 డాలర్ల సీసా రుసుముతో కలిపి 47.20 డాలర్లయితే, గ్లాసు 9.44 డాలర్లకే పడుతుంది. సీసా అంతా ఆ రాత్రే ముగించాలన్న తొందర కూడా అక్కరలేదు. మిగిలినదానికి మూత బిగించి, మీ గది నంబరు రాసి, మరునాటి భోజనానికి తీసి ఉంచమని సర్వర్‌కు చెబితే చాలు. ఈ మాట తెలియక సగం సీసాను బల్ల మీదే వదిలి వెళ్లేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపరిమిత పానీయాల ప్యాకేజీ గురించి అందరూ అడుగుతారు. రోజుకు 80 డాలర్ల ప్యాకేజీ రుసుముతో 94.40 అవుతుందనుకుంటే, పైన చెప్పిన గ్లాసులు రోజుకు ఏడు తాగితే గాని గిట్టుబాటు కాదు. పైగా దాన్ని ప్రయాణం మొత్తానికీ తీసుకోవాలి, అనేక ఓడల్లో ఒక గదిలోని పెద్దలందరూ తీసుకోవాలి, ఒక్కో గ్లాసుకు ధర పరిమితి కూడా ఉంటుంది. భోజనంతో ఒకటి రెండు గ్లాసులు తాగే దంపతులకు అది శుద్ధ దండగ.

సొంత సీసా తీసుకువెళ్లే విషయంలో ఓడకో నియమం ఉంది. కొన్ని కంపెనీలు ప్రయాణం మొదటి రోజున పెద్దవారికి ఒక్కొక్కరికి 750 మిల్లీలీటర్ల వైన్ సీసాను అనుమతిస్తాయి, కొన్ని అసలు అనుమతించవు, కాబట్టి బుకింగ్ పత్రంలోని షరతులు చదవనిదే కొనవద్దు. అనుమతి ఉన్నచోట కూడా సీసాను రేవులో అప్పగించే పెట్టెలో కాక చేతి సంచిలోనే ఉంచుకోవాలి. విమానంలో దీనికి సరిగ్గా తలకిందులు, అంతర్జాతీయ ప్రయాణంలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాన్ని చేతి సంచిలో రానివ్వరు. అందువల్ల ఇంటి నుంచి మోసుకుపోవడం కంటే, సింగపూర్ విమానాశ్రయంలో దిగాక అక్కడి డ్యూటీ ఫ్రీలో కొని నేరుగా రేవుకు వెళ్లడం సులువు. 18 ఏళ్లు నిండి, 48 గంటలు గాని అంతకు మించి గాని ఆ దేశం బయట ఉండి, మలేషియా నుంచి కాకుండా వచ్చినవారికి రెండు లీటర్ల వైన్ వరకు అక్కడ సుంకం లేదు. సొంత సీసాను భోజనశాలలో తెరిపిస్తే మూత తీసినందుకు 15 డాలర్లో, ఇంకొంచెం ఎక్కువో వసూలు చేసే ఓడలున్నాయి గనుక ఆ రుసుమునూ సీసా ధరకు కలిపి చూసుకోవాలి.

బల్ల దగ్గర జరిగే తంతు చూసి బెదరనక్కరలేదు. ముందు సీసా మీది చీటీని చూపేది మీరు అడిగిన పేరూ, సంవత్సరమూ అదేనో కాదో చూసుకోమనడానికే. తరువాత గ్లాసు అడుగున కొద్దిగా పోసి ఆగుతారు, అది మీకు నచ్చిందా లేదా అన్న పరీక్ష కాదు, వైన్ చెడిపోయిందా లేదా అన్న పరీక్ష. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా దోషమని అర్థం, నిస్సంకోచంగా వెనక్కి పంపవచ్చు. మన నాలుకకు సరిపడేది అడగడంలో సిగ్గుపడవద్దు. వగరు ఎక్కువగా ఉండే ఎర్ర వైన్ మిరప మంటను రెట్టింపు చేస్తుంది. బిర్యానీ, కారపు కూరలు తినేవారు కాస్త తీపి తగిలే రీస్లింగ్ లాంటి తెల్ల వైన్‌నో, లేత గులాబీ రంగులో ఉండే చల్లని ‘రోజే’ వైన్‌నో అడిగితే నోటికి హాయిగా ఉంటుంది. ధర అడగకుండా సర్వర్ సూచించినది ఒప్పుకోవద్దు, జాబితాలో వేలు పెట్టి ‘ఈ ధర దరిదాపుల్లో చెప్పండి’ అంటే వారే అర్థం చేసుకుంటారు.

ఓడ ఊగుతుందన్న భయంతో, వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర వేసుకున్న రోజు వైన్ ముట్టకూడదు, ఎందుకంటే రెండూ మత్తును పెంచేవే.

ఖాతాను ఓడ యాప్‌లోనో, గదిలోని టీవీలోనో ప్రతి రాత్రీ చూసుకోండి. పక్క గదివారి సీసా మీ ఖాతాలో పడితే మరునాడు ఉదయమే అతిథి సేవల బల్ల దగ్గర సరిదిద్దించుకోవడం సులువు. చివరి రోజు వరుసలో నిలబడి గంట పోగొట్టుకోవడం గాని, దిగాక ఈమెయిళ్లు రాస్తూ కూర్చోవడం గాని ఎవరికీ ఇష్టముండదు. పిల్లల కార్డులకు ఖర్చు పరిమితి పెట్టించే పని కూడా అక్కడే అవుతుంది.

మధ్య రేవుల్లో కొన్న సీసాలను ఎక్కేటప్పుడే తీసి ఉంచి చివరి రాత్రి తిరిగి ఇస్తారు. మలేషియా దీవి లంకావిలో చవకగా దొరికిందని కొన్నవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఓడ మలేషియా నుంచి సింగపూర్‌కు తిరిగి వస్తే పైన చెప్పిన మినహాయింపు వర్తించదు, సుంకం చెల్లించవలసి ఉంటుంది. శంషాబాద్ కస్టమ్స్‌లో మాత్రం ఒక్కొక్కరికి రెండు లీటర్ల వరకు మినహాయింపు ఉంది. ఆ సీసాలను దుస్తుల మధ్య చుట్టి, విమానంలో అప్పగించే పెట్టెలోనే సర్దుకోండి.