పదం విప్పి చూద్దాం – 4: అవినీతి

పోయిన పాఠంలో ఉపసర్గలను, అంటే మాట ముందు చేరి అర్థం మార్చే ముక్కలను, గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈసారి రోజూ పేపర్లో కనబడే మాటను విప్పుదాం. ముందుకు చదవకుండా ఒక కాగితం మీద "అవినీతి" అని రాసి, మీకు తోచినట్టు విడదీయండి.

"అ + నీతి" అని రాశారా? మొదట్లో నేనూ అదే రాశాను. కానీ ఆ రెండూ కలిస్తే "అనీతి" వస్తుంది. మధ్యలో "వి" మిగిలిపోయింది. ఒక్క అక్షరం మిగిలినా విడదీయడం పూర్తి కానట్టే. సరైన విరుపు: అ + వి + నీతి.

నీతికి మూలం సంస్కృతంలో "నీ" అనే ధాతువు, అంటే మాటలు పుట్టే మూల క్రియ (మన "నీ, నా"ల్లోది కాదు). దాని అర్థం నడిపించడం. నేత, నాయకుడు, వినయం అన్నీ అందులోంచి పుట్టినవే. "వి" చేరితే శిక్షణ ఇచ్చి దారిలో పెట్టడం. అమరకోశంలో చక్కగా శిక్షణ పొందిన గుర్రాలకు వాడిన మాట "వినీత". ఇప్పుడు ముందు "అ" పెట్టి చూడండి. కళ్లేనికి లొంగని గుర్రం కనిపిస్తుంది. డబ్బు ఊసే లేదు!

ఇదే పని "కరప్షన్" మీద చేద్దాం. లాటిన్‌లో "రుంపెరె" అంటే విరగ్గొట్టడం. ఇంటరప్ట్, రప్చర్‌లలో ఉన్నదీ అదే. దానికి "పూర్తిగా" అనే అర్థమిచ్చే ముక్క ముందు చేరి "కొర్రుంపెరె" అయింది: పాడుచేయడం, చెడగొట్టడం. పుట్టుక గురించీ నశించడం గురించీ అరిస్టాటిల్ రాసిన గ్రంథానికి లాటిన్ పేరులో "నశించడం" అనే చోట ఉన్నది ఈ మాటే. ఫైల్ కరప్ట్ అయిందంటే మనం ఎవరినీ అనుమానించం కదా, ఆ పాత అర్థం అక్కడ ఇంకా బతికే ఉంది.

హిందీవాళ్ల "భ్రష్టాచార్"లోది మూడో బొమ్మ, జారిపడటం. భాషలో రూపం చెడిన మాటను అపభ్రంశం అంటాం చూశారా, ధాతువు ఒకటే.

మరి లంచం? అది అవినీతిలో ఒక రకం మాత్రమే. పైసా తీసుకోకుండా అర్హత లేని మేనల్లుడికి ఉద్యోగం ఇప్పించినా అవినీతే, అక్కడ లంచం లేదు. ఈ రెండు మాటలనూ కలిపేయడం మనకు బాగా అలవాటు. 2003లో ఐక్యరాజ్యసమితి చేసిన అవినీతి వ్యతిరేక ఒప్పందం కూడా అవినీతికి నిర్వచనం ఇవ్వదు. లంచం, నిధుల స్వాహా లాంటి నేరాలను విడివిడిగా చెబుతుంది, అంతే.

ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థ చెప్పే అర్థం ఇది: అప్పగించిన అధికారాన్ని సొంత లాభానికి దుర్వినియోగం చేయడం.

అందులోని "దుర్వినియోగం" మీ ఇంటిపని. ఉపసర్గలు ఒకటి కాదు, మూడున్నాయి. విడదీసి, చివర మిగిలే ధాతువు అర్థం రాసుకుని రండి. అయిదో పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.