ఆయిల్ మార్చాక కారుతోందా? పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఎక్కడుందో చూడండి

"నిన్ననే ఆయిల్ మార్పించామండి, పొద్దున్న చూస్తే బండి కింద మడుగు." లేదంటే "ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగి ఆరట్లేదండి." కోనసీమలో పాత మారుతీ 800, ఓమ్నీ ఉన్నవాళ్ల నుంచి సంక్రాంతి ముందు వచ్చే ఫిర్యాదులు ఈ రెండే. వెంటనే ఒకరు ఆయిల్ పంపు పోయిందంటారు, ఇంకొకరు ఇంజిన్ దింపాలంటారు. అప్పటిదాకా డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూసే గీతల పుల్ల, లాగి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు.

ముందు అది చూడండి. కాలవగట్టు వాలు మీద కాదు, చదునైన నేల మీద బండి పెట్టి, ఇంజిన్ ఆపాక ఐదు నిమిషాలు ఆగి చూడాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకన్నా తక్కువుంటే లైటు తప్పేం లేదు, అది నిజమే చెబుతోంది. ఈ ఇంజిన్‌లో పట్టేదే సుమారు 3 లీటర్లు, అందులో లీటరు పోయినా ప్రమాదమే. లైటు వెలుగుతుండగా "ఇంటిదాకా వెళ్లిపోదాం" అనుకుంటే బేరింగులు పోతాయి. ఇంజిన్ ఆపి, బండిని తాడు కట్టి తెచ్చుకోండి.

ఫిల్టర్ చుట్టూ తడి, రేస్ ఇస్తే ధార

అసలు దొంగ ఇక్కడుంటాడు. పాత ఫిల్టర్ విప్పినప్పుడు డబ్బా చేతికొస్తుంది గానీ, దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. ఆయిల్ మసి పట్టి నల్లగా ఉంటుంది కాబట్టి కింద నుంచి చూస్తే ఇనుములో కలిసిపోతుంది. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేస్తారు. ఇప్పుడు అక్కడ రింగు మీద రింగు. చేతికి గట్టిగానే బిగిసినట్టుంటుంది, ఐడిలింగ్‌లో చుక్క కారదు. మెకానిక్ డబ్బులు తీసుకుంటాడు, మీరు ఇంటికెళ్తారు. మర్నాడు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేస్ ఇస్తే, చిక్కటి ఆయిల్ ప్రెషర్‌కి రింగు పక్కకి జారుతుంది. ఇక ఒకటి రెండు నిమిషాల్లో ఆయిలంతా నేలపాలు.

మన వైపు ఇది ఎక్కువ కావడానికి కారణం ఉంది. పిల్లలు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటారు, బండి షెడ్డులో పడుంటుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా "ఫిల్టర్ వచ్చేసారి చూద్దాంలే" అని వందో నూటయాభయ్యో మిగుల్చుకుంటారు. ఏళ్ల తరబడి వేడికి ఉడికిన రింగు గట్టిపడి బ్లాకుకి అంటుకుపోతుంది. 5,000 కిలోమీటర్లకో, తిప్పినా తిప్పకపోయినా ఆరు నెలలకో ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా మారుస్తుంటే అది అంతగా అతుక్కోదు.

పాత ఫిల్టర్ ఇంకా అక్కడే పడి ఉంటే తిప్పి చూడండి. దాని మీద రింగు లేకపోతే ఎక్కడుందో ఇక చెప్పక్కర్లేదు. పారేసి ఉంటే, ఇంజిన్ చల్లారాక కింద ట్రే పెట్టి ఫిల్టర్ విప్పండి. మిగిలిన ఆయిల్ తీయక్కర్లేదు. ఇంజిన్ మీద ఫిల్టర్ కూర్చునే చోట వేలితో గుండ్రంగా తడమండి. కంటికి కనపడనిది వేలికి తగులుతుంది. అతుక్కున్న రింగుని గోటితోనో వెదురు పుల్లతోనో లేపండి, స్క్రూడ్రైవర్ పెడితే గీత పడి ఆ గీతలోంచి కారుతుంది. గుడ్డతో శుభ్రంగా తుడవండి. కొత్త ఫిల్టర్ రింగు నలిగి ఉంటే ఆ ఫిల్టర్ వాడకండి. రింగుకి కాస్త కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు. పానాలూ గొలుసులూ వద్దు.

ఆయిల్ పోసి స్టార్ట్ చేయండి. కొన్ని సెకన్లలో లైటు ఆరాలి. ఆరాక ఒకరిని రేస్ ఇమ్మని మీరు కిందికి చూడండి, ఐడిలింగ్‌లో చూసి సంతోషపడితే లాభం లేదు. ఆపి, ఐదు నిమిషాలాగి, కొత్త ఫిల్టర్ తాగినంత ఆయిల్ మళ్లీ పోయండి.

మిగతావి

డ్రెయిన్ బోల్ట్ దగ్గర కారితే వాషర్ మార్చండి. బలంగా బిగిస్తే మర పోతుంది. తడి పైనుంచి దిగుతూ, మాడిన వాసన వస్తే ఇంజిన్ పైమూత కింది ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ పోయినట్టు.

వానాకాలంలో ఆయిల్ పోసే మూత కింద పాలనురుగులా కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయి రేడియేటర్ నీళ్లు ఆయిల్‌లో కలిశాయని కంగారు పడకండి. ఊళ్లోనే తిప్పే బండికి చెమ్మ ఆరదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉండి, రేడియేటర్ నీళ్లు తగ్గకపోతే అమలాపురం నుంచి రావులపాలెం దాకా ఒకసారి వెళ్లి రండి. డిప్‌స్టిక్ కూడా తెల్లగా ఉంటే, ముఖ్యంగా బండి వరద నీళ్లలో మునిగి ఉంటే, స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి.

ఆయిల్ సరిపడా ఉన్నా, ఎక్కడా కారకపోయినా లైటు వెలిగితే సెన్సర్ వైరు చూడండి, తర్వాత గేజితో ప్రెషర్ కొలిపించండి. నిజంగా పంపు పోవడం అరుదు.

కారడం ఆగాక ఇంజిన్ అడుగు డీజిల్ గుడ్డతో తుడిచి, రాత్రికి కింద అట్టముక్క వేయండి. తుడవకపోతే పాత ఆయిలే రెండ్రోజులు చుక్కలు రాలుస్తుంది, మీరు మళ్లీ ఫిల్టర్ విప్పుతారు.