గోడ ఫోన్ బిగించుకునే వారికి ఒక చిట్కా

హైదరాబాద్‌లో ఇంటి గోడకు తీగ ఫోన్ బిగించుకోదలచినవారు కొనేముందే పరికరం అడుగున ఉన్న చీటీని చదవాలి. ల్యాండ్‌లైన్‌కు తగిలించే రెండు తీగల టెలిఫోన్లకు టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ ధ్రువీకరణను కేంద్రం 2019 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి చేసింది కనుక, కోఠి సందుల్లో ఎంత చవకగా దొరికినా ఏ గుర్తూ లేని ఫోన్ జోలికి పోకపోవడమే మేలు.

స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా గోడలోపల కరెంటు పైపులు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, డ్రిల్లింగ్ అక్కడ వద్దు. స్క్రూలను పూర్తిగా దిగగొట్టకుండా, ఫోన్ వెనుక గాడిలో తల ఇమిడేంత ఎడం ఉంచాలి. చాలామంది పట్టించుకోనిది రిసీవర్ ఆనే చోట ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క: దాన్ని బయటికి లాగి, తలకిందులుగా తిప్పి పెడితేనే దాని కొన రిసీవర్‌ను పట్టి ఉంచుతుంది, లేకపోతే అది జారి పడుతూనే ఉంటుంది.

రాగి తీగ లైనులో మామూలుగా దాదాపు 48 వోల్టుల డీసీ ఉంటుంది, రింగు వచ్చినప్పుడు అంతకు మించిన ఏసీ వస్తుంది. అందువల్ల తీగలు కలిపేముందు లైనును బయటి పెట్టె దగ్గరే విడదీయాలి. ఫైబర్ కనెక్షన్ అయితే ఫోన్ తీగను మోడెమ్ మీది ఫోన్ పోర్టుకే పెట్టాలి, కరెంటు పోయినా మోగాలంటే ఆ మోడెమ్‌కు చిన్న యూపీఎస్ కావాలి. ఇక పరీక్షించేటప్పుడు మొబైల్ నంబరుకు ముందు సున్నా కలపండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్లకు అదే నిబంధన.